ఆరో తరగతి పాపని సీ సెక్షన్‌లో వేశారు, ఐడీ కార్డు తాడు కూడా వేరే రంగు. ఏం చేయాలి?

కాలవగట్టు_అమ్మ
మా పాప ఆరో తరగతి. అమలాపురం దగ్గర ప్రైవేటు స్కూలు, పేరు వద్దులెండి. ఐదు దాకా అందరూ కలిసే కూర్చునేవారు. ఆరులోకి రాగానే జూన్‌లో ఒక టెస్టు పెట్టి మూడు సెక్షన్లు చేశారు. ఏ అంటే ఐఐటీ ఫౌండేషన్. బీ అంటే ఒలింపియాడ్. సీ అంటే ఉత్త సీ, దానికి పేరేం పెట్టలేదు. పాప అందులో పడింది.

ఐడీ కార్డు తాడు ఏ వాళ్ళకి నీలం, బీకి ఎరుపు, సీకి ఆకుపచ్చ. బస్సు ఎక్కగానే ఎవరెవరో తెలిసిపోతుంది. మొన్న అన్నం తింటూ "అమ్మా, మేం గ్రీన్ వాళ్ళం కదా, మాకు సైన్స్ ఫెయిర్ ఉండదంట" అంది, చాలా మామూలుగా. ఏడ్చి చెప్పినా ఇంత బాధ అనిపించేది కాదు.

టెస్టు రోజు జ్వరం వచ్చిందనో ఇంకోటనో సాకులు చెప్పను. లెక్కల్లో వెనకే. మా ఆయన "మార్కులు తెచ్చుకుంటే వాళ్ళే మారుస్తారు, నువ్వు టెన్షన్ పడకు" అంటున్నారు. స్కూలు మార్చాలా? వెళ్ళి అడిగితే పాప మీద కక్ష పెట్టుకుంటారా?

ఆఖరిబెంచి
గ్రీన్ కార్డు కోసం అమెరికాలో జనం ఏళ్ళ తరబడి లైన్లో ఉన్నారు. మీ పాపకి ఆరో తరగతిలోనే వచ్చేసింది. సరదాకి అన్నానండి, కోప్పడకండి. మా రోజుల్లో తాళ్ళు లేవు, బెంచీలే. ర్యాంకు ప్రకారం కూర్చోపెట్టేవారు. మనం ఎక్కడుండేవాళ్ళమో పేరు చూస్తే తెలుస్తుంది కదా, ఆయ్.

రావులపాలెం_నాన్న
నాకు ఇందులో తప్పేం కనపడట్లేదు. మా వాడు అలాంటి స్కూల్లోనే బీ నుంచి ఏకి వెళ్ళాడు. పట్టుదల వచ్చింది. రేపు ఎంసెట్‌కి వెళ్తే అక్కడ రంగు తాళ్ళు లేకపోయినా ర్యాంకు ఉంటుంది కదా. చిన్నప్పుడే అలవాటైతే మంచిది.

పాలకొల్లు_పిన్ని
రావులపాలెం గారూ, మీ వాడు వెళ్ళాడు సరే. సీ నుంచి ఏకి వెళ్ళినవాళ్ళని ఎంతమందిని చూశారు? ఊరికే అడుగుతున్నా.

రావులపాలెం_నాన్న
సీ నుంచి ఎవరూ తెలీదు. అంతమాత్రాన వెళ్ళలేరని కాదు కదా.

లెక్కల_మేష్టారు
నేను ఇలాంటి స్కూల్లోనే లెక్కలు చెప్తాను, మండపేట వైపు. రెండో పక్క కూడా వినండి. ఆరో తరగతికి వచ్చిన యాభై మందిలో పదిమందికి భాగహారం రాదు, పదిమంది అప్పుడే భిన్నాలు చేసేస్తుంటారు. అందరినీ ఒకచోట కూర్చోపెడితే నేను చెప్పేది మధ్యలో ఉన్నవాళ్ళకే. అటువాళ్ళకి బోరు, ఇటువాళ్ళకి అర్థం కాదు. సెక్షన్లు చేస్తే కనీసం వాళ్ళ స్థాయికి దిగి చెప్పగలను. రంగు తాళ్ళు మాత్రం అనవసరం. అది టీచర్లు అడిగింది కాదు, మేనేజ్‌మెంట్ ఆలోచన. అడ్మిషన్ల టైములో నీలం తాడు పిల్లల్ని ముందు నిలబెట్టి ఫొటో తీస్తారు.

గౌతమీతీరం
ఎం.ఎడ్ చేస్తున్నాను కాబట్టి కొంచెం పుస్తకం మాట. అమెరికాలో కాలిఫోర్నియాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో రోసెంతాల్, జాకబ్సన్ అని ఇద్దరు ఒక ప్రయోగం చేసి 1968లో ప్రచురించారు. పిల్లలందరికీ ఒక తెలివితేటల పరీక్ష పెట్టి, "ఈ ఏడాది వీళ్ళు బాగా ఎదుగుతారని పరీక్షలో తేలింది" అని కొందరి పేర్లు టీచర్లకి ఇచ్చారు. నిజానికి ఆ పేర్లు లాటరీ తీసినట్టు తీసినవి, సుమారు 20 శాతం మంది. ఏడాది చివర మళ్ళీ పరీక్ష పెడితే, ఒకటి రెండు తరగతుల్లో ఆ పేర్లున్న పిల్లలు మిగతావాళ్ళకంటే ఎక్కువ ముందుకెళ్ళారు. టీచరు నమ్మకమే తేడా తెచ్చిందని వాళ్ళ వాదన.

మీ పాప విషయంలో అదే తిరగేసి జరుగుతోంది. సీ అని ముందే చెప్పేశారు.

సంఖ్యలరాయుడు
ఆ ప్రయోగాన్ని అందరూ సగమే చెప్తారు. పై తరగతుల్లో ప్రభావం దాదాపు కనపడలేదు. తర్వాత ఇలాంటి ప్రయోగాలు చాలా చేశారు. 1984లో రాడెన్‌బుష్ అనే ఆయన అలాంటివి 18 కలిపి చూస్తే తేలింది ఏంటంటే, టీచరుకి పిల్లలతో రెండు వారాలకి మించి పరిచయం ఉంటే బయటివాళ్ళు ఇచ్చిన పేర్ల జాబితా ఏమీ చేయలేదు. టీచరు తన కళ్ళతో చూసిందే నమ్ముతుంది. కాబట్టి "టీచరు అనుకుంటే పిల్లాడు మొద్దైపోతాడు" అనేది మరీ సినిమా.

గౌతమీతీరం
రాయుడు గారూ, మీరు చెప్పింది నిజమే, కానీ అది నా వైపే పనిచేస్తుంది. ఆరో తరగతిలో సబ్జెక్టు టీచర్లందరూ కొత్తవాళ్ళు. మొదటి రోజు క్లాసులోకి వచ్చేసరికే పిల్ల మెడలో ఆకుపచ్చ తాడు ఉంది. పరిచయం కాకముందే చీటీ చేతికి వచ్చేసింది. రెండు వారాలు చూసి తెలుసుకునే అవకాశం ఆ టీచరుకి ఎవరిచ్చారు?

సంఖ్యలరాయుడు
ఊ. అది పాయింటే.

ఆఖరిబెంచి
రాయుడు గారు "ఊ" అన్నారంటే గోదావరి వెనక్కి ప్రవహించినట్టే. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

లంక_కుర్రోడు
మాది పి.గన్నవరం అవతల, గోదావరి మధ్యలో ఉండే లంక. మా హైస్కూల్లో సెక్షన్లు మార్కుల మీద కాదు, ఊరి మీద పడేవి. రాతలో ఎక్కడా ఉండేది కాదు, కానీ లంకల పిల్లలందరూ బీలోనే తేలేవారు. ఎందుకంటే ఏ సెక్షన్‌కి మొదటి పీరియడ్ లెక్కలు. మేం పంటు (ఏరు దాటించే పడవ) దిగి నడిచి వచ్చేసరికి ప్రేయర్ అయిపోయేది. "వీళ్ళెలాగూ లేటే" అని మాకు మొదటి పీరియడ్ డ్రిల్లు పెట్టారు. సౌకర్యం చేశామనుకున్నారు పాపం. సాయంత్రం స్టడీ అవర్స్‌కి మాత్రం ఆగలేం, చివరి పంటు పోతుంది.

వరద వస్తే ఇంకో కథ. జులై, ఆగస్టుల్లో నీళ్ళు వస్తే బడి లేదు, పుస్తకాలు అటక మీద. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా తమ్ముడు తొమ్మిది. తిరిగి వెళ్ళిన వారంలోనే పరీక్ష. గట్టు మీద ఊళ్ళ పిల్లలకీ మా వాడికీ ఒకటే పేపరు. ప్రోగ్రెస్ కార్డులో "ఇర్రెగ్యులర్" అని రాశారు. గోదావరి ఇర్రెగ్యులర్ అని ఎవరూ రాయరు మరి.

పాలకొల్లు_పిన్ని
"గోదావరి ఇర్రెగ్యులర్" 😄 కానీ చదువుతుంటే కడుపు రగిలింది బాబూ.

మస్కట్_నుంచి
నాదీ ఒక మాట. నేను ఇక్కడ ఇంట్లో పని చేస్తాను, పాప రాజోలు దగ్గర మా అమ్మ దగ్గర ఉంది. పేరెంట్స్ మీటింగ్‌కి అమ్మ వెళ్తుంది, ఆమెకి చదువు రాదు. పోయినసారి కార్డులో "ఇంట్లో శ్రద్ధ లేదు" అని రాశారు. రోజూ రాత్రి వీడియో కాల్‌లో నేనే హోంవర్క్ చేయిస్తాను. మా సేఠ్ వాళ్ళ పిల్లలు పడుకున్నాక, మనకి అప్పుడు పదిన్నర అవుతుంది. పాప నిద్రకళ్ళతోనే రాస్తుంది. టీచరుకి ఫోన్ చేసి చెప్పాను. "అవునా అమ్మా, మాకు తెలీదు కదా" అంది. తెలీకుండా ఎలా రాశారో మరి. మా ఊళ్ళో సగం ఇళ్ళలో తల్లులు గల్ఫ్‌లోనే ఉన్నారు. వాళ్ళందరి కార్డుల్లోనూ అదే వాక్యమంట.

రిటైర్డ్_హెచ్ఎం
జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో చేసి రిటైరయ్యాను. కాలవగట్టు తల్లీ, ముందు చట్టం సంగతి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. 13వ సెక్షన్ స్కూల్లో చేర్చుకునేటప్పుడు వడపోత పరీక్ష పెట్టకూడదంటుంది. కానీ చేరాక సెక్షన్లు ఎలా వేయాలన్నది అందులో లేదు. అందుకని "సెక్షన్ చట్టవిరుద్ధం" అంటూ వెళ్ళకు, వాళ్ళు నవ్వుతారు. తాడు గురించి, సైన్స్ ఫెయిర్ గురించి అడుగు. అక్కడ వాళ్ళ దగ్గర జవాబు ఉండదు.

ఇక మూల్యాంకనం గురించి. పదో తరగతిలో కొన్నేళ్ళు సబ్జెక్టుకి 20 మార్కులు ఇంటర్నల్స్ ఉండేవి గుర్తుందా? ఏడాది పొడుగునా పిల్లవాణ్ణి గమనించి, ప్రాజెక్టులు చూసి వేయాలని ఉద్దేశం. కాగితం మీద మంచిదే. జరిగిందేంటంటే చాలా ప్రైవేటు బళ్ళలో అందరికీ 20కి 20. మేం నిజాయితీగా 14, 15 వేస్తే మా పిల్లలే నష్టపోయేవారు. 2019లో తీసేశారు. మళ్ళీ మొత్తం 100 ఆఖరి పరీక్షకే. అంటే పిల్లవాణ్ణి ఎరిగిన మనిషి వేసే మార్కుని ఎవరూ నమ్మరు, ఎరగని మనిషి స్పాట్ వాల్యుయేషన్‌లో వేసేదే నమ్ముతారు.

గౌతమీతీరం
ఎరగని మనిషి కూడా పూర్తిగా గుడ్డిగా దిద్దడు మేష్టారూ. హన్నా, లిండెన్ అనే ఇద్దరు మన దేశంలోనే ఒక నగరంలో చేసిన అధ్యయనం ఉంది, 2012లో వచ్చింది. పిల్లల జవాబు పత్రాల పై అట్ట మీద వయసు, ఆడా మగా, కులం ఇష్టమొచ్చినట్టు మార్చి రాసి టీచర్లతో దిద్దించారు. లోపల రాసింది అదే, పైన కులం మాత్రం వేరు. తక్కువ కులం అని ఉన్న పేపర్లకి సగటున కొంచెం తక్కువ మార్కులు పడ్డాయి. తేడా పెద్దది కాదు, కానీ ఉంది. దిద్దడం మొదలుపెట్టిన కొత్తలో ఎక్కువగా ఉంది. ఇంకో సంగతి, ఆ తేడా చూపించింది ఎక్కువగా తక్కువ కులాల టీచర్లే అని తేలింది.

రావులపాలెం_నాన్న
ఇదిగో కులం వచ్చేసింది. ఇక థ్రెడ్ ఆగదు.

లంక_కుర్రోడు
కులం ఇప్పుడు రాలేదండి, మొదటి రోజు నుంచీ ఉంది. మీకు ఇప్పుడు కనపడింది. హాజరు పట్టీలో ఎర్ర ఇంకుతో రాసిన పేర్లు మేం చూసుకుంటూనే పెరిగాం.

రిటైర్డ్_హెచ్ఎం
ఇద్దరూ అక్కడితో ఆపండి. బోర్డు పేపర్లలో పేరు, నంబరు కనపడకుండా కోడ్ వేస్తారు, ఇందుకే. స్కూలు పరీక్షల్లో ఆ పద్ధతి లేదు. పెట్టడానికి ఖర్చు కూడా ఏమీ లేదు, పేరున్న పై కాగితం మడిచి పిన్ను కొడితే చాలు. నేనున్న ఒక స్కూల్లో చేయించాను. మొదట్లో సణిగారు గానీ తర్వాత చేశారు.

కాలవగట్టు తల్లీ, ఒక పని చెయ్యి. ఏ సెక్షన్‌లో తెలిసిన పిల్ల ఎవరైనా ఉంటే నోటుబుక్కులు రెండూ పక్కపక్కన పెట్టి చూడు. మార్కులు కాదు, దిద్దుబాటు చూడు.

కాలవగట్టు_అమ్మ
మేష్టారూ, చూశాను. మా ఆడపడుచు కూతురు ఏలో ఉంది. ఇద్దరికీ ఇంగ్లిష్ టీచరు ఒకరే, హోంవర్క్ కూడా ఒకటే. "సెలవుల్లో ఎక్కడికి వెళ్ళావు" అని పది వాక్యాలు.

ఏ పాప పుస్తకంలో "గో"కి భూతకాలం "గోడ్" అని రాసిన చోట గీత కొట్టి పైన "వెంట్" అని రాశారు. పక్కన మార్జిన్‌లో ఆ క్రియ మూడు రూపాలూ రాసి, కింద ఇంకో మూడు వాక్యాలు రాయమన్నారు. ఆ పిల్ల రాసింది, మళ్ళీ దిద్దారు, తేదీ వేశారు.

మా పాప కూడా అదే "గోడ్" రాసింది. పేజీ పైనుంచి కింద దాకా ఒకటే పెద్ద టిక్కు. ఆ టిక్కు గీత సరిగ్గా ఆ తప్పు మీదుగా వెళ్ళింది. కింద సంతకం. తేదీ లేదు. పేజీలు తిప్పితే అన్నీ అలాగే. పాపేమో "నాకు అన్నీ రైటే, వదినకే ఎన్ని తప్పులో చూడు" అని సంబరపడుతోంది.

పాలకొల్లు_పిన్ని
అయ్యో తల్లీ.

ఆఖరిబెంచి
జోకు వేద్దామని వచ్చాను. ఏం లేదు.

లెక్కల_మేష్టారు
ఆ టీచరమ్మని తిట్టేముందు ఒకటి ఆలోచించండి. రోజుకి ఏడు పీరియడ్లు, నూట యాభై పుస్తకాలు. అకడమిక్ కోఆర్డినేటర్ వచ్చి తనిఖీ చేసేది ఏ సెక్షన్ పుస్తకాలే. ఏ పేరెంట్సే ఫోన్లు చేస్తారు. ఓపిక ఉన్నంతవరకు వాటికి పోతుంది, మిగతావాటికి టిక్కు. ఆమెకి మీ పాప మీద కోపం ఉండదు, అసలు మీ పాప గుర్తుండకపోవచ్చు.

కాలవగట్టు_అమ్మ
గుర్తుండకపోవడమే కదా మేష్టారూ నా బాధ.

సంఖ్యలరాయుడు
మళ్ళీ తిట్లు తినడానికి సిద్ధపడి రాస్తున్నా. స్థాయిని బట్టి విడదీయడం దానంతట అది చెడ్డదని చెప్పలేం. కెన్యాలో డుఫ్లో, డుపా, క్రెమర్ కలిసి 121 ప్రాథమిక బళ్ళలో చూశారు. కొన్ని బళ్ళలో ఒకటో తరగతి పిల్లల్ని మార్కుల ప్రకారం రెండు సెక్షన్లు చేశారు, కొన్నింటిలో కలగాపులగంగా వేశారు. విడదీసిన బళ్ళలో పై సెక్షన్ బాగుపడింది, కింది సెక్షన్ కూడా బాగుపడింది. టీచరు ఆ పిల్లల స్థాయిలో చెప్పగలగడమే కారణమన్నారు. లెక్కల మేష్టారు మొదట చెప్పిందే ఇది.

గౌతమీతీరం
అక్కడ కింది సెక్షన్ టీచరు నిజంగానే ఆ పిల్లల దగ్గరికి దిగి చెప్పారు. ఇక్కడ దిగనిస్తున్నారా? మన దగ్గర ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళ పద్ధతి కూడా స్థాయిని బట్టి కూర్చోపెట్టడమే, నేనేం కాదనను. కానీ అది రోజులో కొంతసేపు, చదవడం, లెక్కలు అనే రెండు పనుల కోసం. అక్షరాలు వచ్చాక ఆ పిల్ల ఇంకో గుంపులోకి వెళ్ళిపోతుంది. మెడకి తాడు కట్టి ఏడాదంతా ఉంచరు.

లెక్కల మేష్టారూ, మిమ్మల్నే అడుగుతున్నా. మీ స్కూల్లో సీకి వేరే ప్రశ్నపత్రం ఉందా?

లెక్కల_మేష్టారు
లేదు. కామన్ పేపర్. హెడ్డాఫీసు నుంచి వస్తుంది, అన్ని బ్రాంచీలకి ఒకటే.

గౌతమీతీరం
మరి పాఠాలు?

లెక్కల_మేష్టారు
సీలో నెమ్మదిగా చెప్పాలి కదా. ఏలో ఐదు చాప్టర్లు అయ్యేసరికి సీలో మూడు అవుతాయి. పేపరు ఐదింట్లోంచి వస్తుంది. మీరు ఎక్కడికి తీసుకెళ్తున్నారో అర్థమైంది. చెప్పని రెండు చాప్టర్ల ప్రశ్నలకి పిల్లలు ఖాళీగా ఇచ్చేస్తారు, ఆ మార్కులు చూసి సీలోనే ఉంచుతాం. నాకు తెలుసు. నేను ఒక్కణ్ణి మార్చేది కాదు అది.

పాలకొల్లు_పిన్ని
అంటే కష్టపడితే పైకి వెళ్ళొచ్చు అని పిల్లలకి చెప్పి, మెట్లు తీసేశారన్నమాట. రావులపాలెం గారూ ఉన్నారా?

రావులపాలెం_నాన్న
ఉన్నానండి. పేపరు సంగతి నాకు తెలీదు. అది అన్యాయమే. అయినా ర్యాంకులు వద్దంటే మాత్రం ఒప్పుకోను. 2022లో ప్రభుత్వం ర్యాంకుల ప్రకటనలు వద్దని ఉత్తర్వు ఇచ్చింది. ఫలితాలొచ్చాక అమలాపురం గడియార స్తంభం సెంటర్లో ఫ్లెక్సీలు ఆగాయా? పేరెంట్సే అడుగుతారు, "మీ స్కూలుకి ఎన్ని వచ్చాయి" అని. 600కి ఎంత అనేదే చివరికి మాట్లాడుతుంది.

లంక_కుర్రోడు
ఫ్లెక్సీ మీద ఉన్న పదిమంది ఫీజు రాయితీలో చదువుతారు. ఆ ఖర్చు కట్టేది ఫ్లెక్సీ మీద లేని మిగతావాళ్ళు. ఇంటర్‌లో నేను కట్టాను కాబట్టి తెలుసు.

ఆఖరిబెంచి
నేను కూడా పరోక్షంగా ఇద్దరు ఇంజనీర్లని చదివించానన్నమాట. ఇంటికి వెళ్ళి మా ఆవిడకి చెప్తా.

కాలవగట్టు_అమ్మ
స్కూలుకి వెళ్ళొచ్చాను. మా ఆయన కూడా వచ్చారు, నోటుబుక్కులు చూశాక ఆయనకే ఎక్కువ కోపం వచ్చింది. సీ సెక్షన్ పేరెంట్స్ ఇంకో నలుగురిని కలుపుకుని వెళ్ళాం.

తాళ్ళ గురించి అడిగితే "ఈ ఏడాదికి స్టాక్ వచ్చేసింది మేడమ్" అన్నారు. సైన్స్ ఫెయిర్‌కి సీ పిల్లలు కూడా పేర్లు ఇవ్వొచ్చని అక్కడికక్కడే ఒప్పుకున్నారు, ఎవరూ వద్దనలేదట, "వాళ్ళు ఆసక్తి చూపరు అనుకున్నాం" అన్నారు. నోటుబుక్కులు చూపిస్తే ప్రిన్సిపాల్ గారు రెండూ చాలాసేపు తిరగేశారు. టీచర్‌తో మాట్లాడతానన్నారు. ఆమెని ఏమీ అనొద్దనీ, సీ పుస్తకాలు కూడా తనిఖీ చేయమనీ అడిగాను. లెక్కల మేష్టారు చెప్పింది గుర్తొచ్చి.

చాప్టర్ల విషయం దగ్గర మాత్రం "పేపరు మా చేతిలో లేదు" అన్నారు. బయటికి వచ్చేటప్పుడు నన్ను ఒక్కదాన్నే పక్కకి పిలిచి "మీ పాపని బీకి మార్చేస్తాం మేడమ్, మిగతావాళ్ళకి చెప్పకండి" అన్నారు.

రావులపాలెం_నాన్న
ఒప్పేసుకోండి! ఇంకేం ఆలోచించకండి.

లంక_కుర్రోడు
ఒప్పుకోకండి. మిమ్మల్ని విడగొట్టడానికే అది.

పాలకొల్లు_పిన్ని
బాబూ, ఉద్యమం నీది, పాప ఆవిడది. బీలో నోటుబుక్కు దిద్దుతారేమో కనుక్కుని అప్పుడు చెప్పమ్మా.

మస్కట్_నుంచి
నేనైతే మార్చేస్తాను అక్కా. తప్పనుకోకండి. మన పిల్ల ఏడాది మళ్ళీ రాదు.

కాలవగట్టు_అమ్మ
పాపని అడిగాను. బీకి వెళ్ళనంది, పక్కన కూర్చునే పిల్ల సీలోనే ఉందట. మా ఆయన వెళ్ళాలంటున్నారు. దసరా సెలవుల దాకా టైమ్ అడిగాను. నాతో వచ్చిన నలుగురికీ ఈ సంగతి చెప్పేశాను. ఒకావిడ ముభావంగా ఉంది, మిగతావాళ్ళు పర్లేదన్నారు.

లెక్కల_మేష్టారు
పేపరు వాళ్ళ చేతిలో లేదన్నది నిజమే, కానీ సిలబస్ ఎంతవరకు అయిందో హెడ్డాఫీసుకి పంపే కాగితం వాళ్ళ చేతిలోదే. అందులో అన్ని సెక్షన్లకీ "పూర్తయింది" అని రాసి పంపుతారు. పరీక్షకి ముందు ప్రతి సెక్షన్‌లో ఏ చాప్టర్ దాకా చెప్పారో డైరీలో రాయించి సంతకం పెట్టించమని అయిదుగురూ కలిసి అడగండి. డైరీలో మూడు అని ఉంటే అక్కడ ఐదు అని రాయలేరు. లెక్కలకి ఆ రెండు చాప్టర్లూ ఏవో నాకు మెసేజ్ పెట్టండి, ఆదివారం ఫోన్లో పాపకి చెప్తాను. పక్కన కూర్చునే అమ్మాయిని కూడా కూర్చోబెట్టండి.

కాలవగట్టు_అమ్మ
భిన్నాలు, దశాంశాలు మేష్టారూ. మెసేజ్ పెడుతున్నాను.

ఆఖరిబెంచి
మేష్టారూ, ఆ ఆదివారం క్లాసులో వెనక బెంచీ ఖాళీ ఉందా?

లెక్కల_మేష్టారు
ముందు భాగహారం టెస్టు రాసి రండి. చూసి చెప్తాను.